కరెంటు వచ్చింది గానీ డిస్క్ రాలే: ఆదోని మిల్లు కాటా కంప్యూటర్ కేసు

నేనుండేది కర్నూల్లో. మిల్లులకీ కోల్డ్ స్టోరేజీలకీ కంప్యూటర్లు పెట్టడం, చెడిపోతే పోయి చూడడం నా పని. ఈ కేసు పోయిన పత్తి సీజన్‌ది, ఆదోని దగ్గర ఒక జిన్నింగ్ మిల్లు, పేరెందుకులే, సగం తప్పు నాదే కాబట్టి ఊరు వరకు చెప్తే చాలు. కరెంటు పోయి వచ్చినప్పుడు కంప్యూటర్‌కి తగిలించిన సామాన్లు ఒకటి ముందు ఒకటి వెనక లేస్తాయి, దాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) ఎట్లా సర్దుకుంటాదో నాకు బాగా తెలుసు అనుకునేటోణ్ని.

ముందు సెటప్ చెప్తా. గేటు పక్కన కాటా రూము, దాంట్లో ఒక చిన్న కంప్యూటర్, దాని ఓఎస్ డెబియన్ 12, అంటే ఒక రకం లినక్స్. లారీ కాటా ఇండికేటర్ నుంచి ఒక వైరు, పక్క షెడ్డులో బేళ్లు తూసే చిన్న కాటా నుంచి ఇంకో వైరు, రెండూ సీహెచ్340 చిప్ ఉండే చవక యూఎస్‌బీ కన్వర్టర్ల మీదుగా కంప్యూటర్‌లోకి వస్తాయి. ఓఎస్ కంప్యూటర్ లోపలి ఎస్ఎస్‌డీ అనే డిస్క్ మీద ఉంటాది. కాటా చీటీల డేటా మాత్రం బయట 3.5 ఇంచుల హార్డ్ డిస్క్ డబ్బాలో, దానికి వేరే 12 వోల్టుల అడాప్టర్. డేటా బయటెందుకు పెట్టినావు అని మీరు అడగొచ్చు, ఓనర్ కండిషన్ అది, పాత విండోస్ మిషన్ చచ్చిపోయి ఒక సీజన్ లెక్కలు పోయినప్పటి నుంచి ఆయనకి నమ్మకం లేదు, ఆదివారం మిల్లు బంద్ అయితే ఆ డబ్బా పీక్కొని ఇంటికి తీసుకుపోతాడు. కాటా సాఫ్ట్‌వేర్ వేరే అబ్బాయి రాసిచ్చినాడు, పైథాన్ భాషలో, కింద ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ఫైల్ ఒకటి. అంతే.

మొదటి ఫోన్ కాటా రూములో కూర్చునే అబ్బాయి చేసినాడు. "అన్నా, కరెంటు పోయి వస్తే చాలు, నల్ల స్క్రీన్ మీద తెల్ల అక్షరాలు వచ్చి నిలబడిపోతాంది. మళ్లీ ఆఫ్ చేసి ఆన్ చేస్తే బాగా వస్తాంది. ప్రతిసారీ ఇదే కథ, బయట లారీలు లైనులో ఉంటాయి, నాకు తిట్లు పడతాండాయి." ఫోటో పంపమన్నా. యు ఆర్ ఇన్ ఎమర్జెన్సీ మోడ్ అని ఒక లైను, దాని కింద రూట్ అకౌంట్ (మిషన్ మీద సర్వాధికారం ఉండేది) లాక్ అయి ఉంది కాబట్టి కన్సోల్, అంటే కమాండ్లు కొట్టే స్క్రీన్, ఇవ్వను అని ఇంకో లైను. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రూట్ పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేస్తే డెబియన్ రూట్‌ని లాక్ చేసి, మామూలు యూజర్‌కే రూట్ పనులు చేసే వీలు, అంటే సూడో, ఇస్తాది, మంచిదే, కానీ ఇట్లాంటి రోజు లోపలికి పోవడానికి తలుపు ఉండదు.

ఎందుకు వచ్చిందో ఫోటో చూడగానే అర్థమైంది. ఏ డిస్క్‌ని ఏ ఫోల్డర్‌కి తగిలించాలో (దాన్నే మౌంట్ అంటారు) రాసే ఫైల్ ఎఫ్‌స్టాబ్, దాంట్లో ఆ బయటి డిస్క్‌కి నేను రాసిన లైను మామూలు డిఫాల్ట్స్ లైను. అట్లా రాస్తే, మిషన్ లేచేటప్పుడు అన్నిటినీ లేపే సిస్టమ్‌డీ అనే ప్రోగ్రాంకి ఏమని అర్థమంటే, ఈ డిస్క్ లేకుండా ఈ మిషన్ నడవద్దు అని. అది 90 సెకన్లు కాచుకుంటాది, ఆ లోపల డిస్క్ రాకపోతే లోకల్ ఫైల్ సిస్టమ్స్ టార్గెట్, అంటే డిస్కులన్నీ మౌంట్ అయ్యే మెట్టు, ఫెయిల్, అది ఫెయిల్ అయితే ఎమర్జెన్సీ మోడ్. సిస్టమ్‌డీకి ముందు వాడిన పాత ఇనిట్ స్క్రిప్టుల కాలంలో ఏదో ఒక డిస్క్ మౌంట్ కాకపోతే ఫెయిల్డ్ అని ఒక లైను కొట్టి ముందుకు పోయేది. 2015లో డెబియన్ 8 సిస్టమ్‌డీకి మారినప్పుడు ఈ పట్టు బిగిసింది, రిలీజ్ నోట్స్‌లో కూడా ఇదొక హెచ్చరికగా రాసినారు. నన్నడిగితే సిస్టమ్‌డీది తప్పు కాదు, రాసిందే చేసింది.

ఇక్కడ కొంచెం లోపలికి పోవాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మిషన్ లేచేటప్పుడు కెర్నల్, అంటే ఓఎస్ గుండెకాయ, సామాన్లని ఒక వరసలో లెక్కపెట్టదు, ఎస్ఎస్‌డీ ఒక పక్క, యూఎస్‌బీ ఇంకో పక్క, ఎవరి దారిలో వాళ్లు వస్తాంటారు. ఓఎస్ ఉండే డిస్క్ కోసం వేరే ఏర్పాటు ఉంది, మొదట మెమరీలోకి ఎక్కే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న సిస్టమ్ దాని కోసం కాచుకుంటాది, డెబియన్‌లో మామూలుగా 30 సెకన్లు, ఆ తర్వాత చేతులెత్తేసి, కమాండ్లు కొట్టే దాని చిన్న షెల్లులో పడేస్తాది. మిగతావన్నీ ఆ తర్వాతి సంగతి. కెర్నల్‌కి ఒక డివైస్ కనిపించగానే డెవ్ ఫోల్డర్‌లో దానికొక పేరు పెట్టి యూఈవెంట్ అని ఒక కబురు వదులుతాది, ఆ కబురు అందుకునేది యూడెవ్, అది తన రూల్స్ చూసుకొని, యూయూఐడీ (ఒక్కో డిస్క్ ఫైల్ సిస్టమ్‌కి ఉండే సొంత నంబర్) లాంటి పక్కా పేర్లతో లింకులు పెట్టి, ఫలానాది వచ్చింది అని సిస్టమ్‌డీకి చెప్తాది. యూడెవ్ లేవకముందే కెర్నల్ కొన్నిటిని కనుక్కొని ఉంటాది కదా, వాటి కోసం ఆ కబుర్లన్నీ ఇంకోసారి వదలమని ఒక సర్వీస్ ఉంది, దాన్నే కోల్డ్‌ప్లగ్ అంటారు.

చాలామంది అడిగే ప్రశ్న, అన్ని డివైసులూ వచ్చేదాకా ఆగమని చెప్పొచ్చు కదా అని. యూడెవ్ సెటిల్ అని ఒకటి ఉంది, నేనూ ఒకప్పుడు దాన్నే వాడేటోణ్ని. కానీ పెళ్లిలో పంక్తి వేసేటప్పుడు, అందరూ వచ్చినారా అని అడిగితే ఎవరు చెప్పగలరు, ఇప్పుడు కూర్చున్నోళ్లకి వడ్డన అయిందా అంటే చెప్పొచ్చు. సెటిల్ చెప్పేది ఆ రెండోది ఒక్కటే, చేతిలో ఉన్న కబుర్ల పని అయిపోయింది అని. ఇంకా దారిలో ఉన్నోళ్ల సంగతి దానికి తెలీదు. యూఎస్‌బీలో అందరూ అనే లెక్కే లేదు, ఎవరు ఎప్పుడైనా వచ్చి తగులుకోవచ్చు. అందుకే దాన్ని వాడొద్దని సిస్టమ్‌డీ వాళ్లే చెప్తారు.

సరే కథకి వస్తా. సీజన్ మధ్యలో ఆదోని పోయి రావడం అంటే ఎమ్మిగనూరు మీదుగా బస్సులో ఒక రోజు పోతాది, కాబట్టి ఇంటి నుంచే లాగిన్ అయి ఎఫ్‌స్టాబ్ లైనులో నోఫెయిల్ అని ఒక మాట చేర్చినా. నాలుగైదు సార్లు రీబూట్ కూడా కొట్టి చూసినా, ప్రతిసారీ డిస్క్ చక్కగా మౌంట్ అయింది. అబ్బాయికి ఫోన్ చేసి ఇంక రాదులే అని చెప్పినా. నిజంగానే నల్ల స్క్రీన్ మళ్లీ రాలే.

రెండు వారాల తర్వాత ఈసారి మేనేజర్ ఫోన్. "ఏమప్పా, ఏం చేసిపెట్టినావు? రైతు 17 నంబర్ చీటీ తెచ్చినాడు, మా దాంట్లో 17 నంబర్ రెండేళ్ల కిందటిది చూపిస్తాంది, ఎవరిదో వేరే ఊరోడిది. ఇట్లా ఒకటి కాదు, 40 మంది వచ్చి కూర్చున్నారు ఆఫీసులో." నాకు కడుపులో దేవినట్టయింది. రైతు చేతిలో చీటీ ఉంది, దాని మీద తూకం ఉంది, మిషన్‌లో మాత్రం ఆ లారీ వచ్చినట్టే లేదు. పత్తి ఏమో అప్పటికే జిన్నింగులోకి పోయింది. ఆ మధ్యాహ్నమే బస్సెక్కినా.

జరిగింది ఇది. ముందు రోజు తెల్లవారుజామున కరెంటు పోయింది, యూపీఎస్ కొంచెంసేపు మోసి చచ్చిపోయింది, కరెంటు రాగానే మిషన్ తనంతట తనే లేచింది, బయోస్‌లో ఆ సెట్టింగ్ నేనే పెట్టినా. డిస్క్ ఇంకా రాలే. నోఫెయిల్ ఉంది కాబట్టి బూట్ ఆగలే. ఈ నోఫెయిల్‌కి రెండు అర్థాలు, రాకపోయినా పర్లేదు అనేది ఒకటి, అది అందరికీ తెలుసు, దాని కోసం ఆగను కూడా ఆగను అనేది రెండోది, అది నాకు తట్టలే. కాటా సాఫ్ట్‌వేర్ లేచి డేటా ఫోల్డర్‌లో చూసింది, మౌంట్ కాలేదు కాబట్టి అది ఎస్ఎస్‌డీ మీద ఉండే ఒట్టి ఫోల్డర్, ఖాళీ. ఎస్‌క్యూలైట్ సంగతి తెలుసు కదా, ఫైల్ లేకపోతే అడగదు, కొత్తది చేసుకుంటాది. టేబుళ్లు లేకపోతే తయారు చేసుకోమని సాఫ్ట్‌వేర్ రాసిన అబ్బాయి కోడ్‌లోనే రాసినాడు. చీటీ నంబర్ 1 నుంచి మొదలు. కాటా అబ్బాయి నంబర్ మారిందని చూసినాడంట, అన్నే మార్చింటాడు అనుకున్నాడంట. పొద్దుపోయేవరకు 43 చీటీలు కొట్టినాడు. మరుసటి రోజు మిషన్ ఆఫ్ చేసి ఆన్ చేసినారు, డిస్క్ మౌంట్ అయింది, పాత ఫైల్ వచ్చి కూర్చుంది, కొత్త ఫైల్ దాని కింద కప్పబడిపోయింది. చెరగలేదు, కనపడదు, అంతే. పరుపు కింద పెట్టిన డబ్బుల్లాగ.

ఇక్కడ నా తప్పు ఇంకొకటి ఉంది, చెప్పుకోవాలి. డిస్క్ లేటుగా వచ్చినా, వచ్చినప్పుడు మౌంట్ అయిపోతాదిలే అనేది నా ధీమా. పాత సిస్టమ్‌డీలో అట్లానే ఉండేది, డెబియన్ 10లో 241 వర్షన్ ఉండేది, దాంట్లో డిస్క్ ఎప్పుడు తగిలించినా ఎఫ్‌స్టాబ్ చూసి మౌంట్ చేసేది. 2019లో వచ్చిన 242 నుంచి ఆ పని మానేసింది, డిస్క్ వచ్చినంత మాత్రాన దాని మౌంట్ లేవదు. నేను డెబియన్ 10 అలవాటుతో డెబియన్ 12 నడిపినా. కాచుకునే టైం దాటిపోయినాక డిస్క్ వచ్చి రోజంతా పక్కన ఖాళీగా తిరుగుతా కూర్చుంది.

కింద పడిన ఫైల్ తీయడం సులభమే, రూట్ ఫైల్ సిస్టమ్‌ని, అంటే ఎస్ఎస్‌డీ మీది ఓఎస్ ఫోల్డర్లని, ఇంకో ఫోల్డర్ మీద బైండ్ మౌంట్ చేస్తే, అంటే ఇంకో చోట కూడా కనపడేట్టు చేస్తే, పైన కప్పిన డిస్క్ అక్కడికి రాదు కాబట్టి అసలు ఫోల్డర్ కనపడతాది. 43 చీటీలూ భద్రంగా ఉన్నాయి. వాటికి కొత్త నంబర్లు ఇచ్చి అసలు ఫైల్‌లో కలపడం, రైతుల చేతిలో ఉన్న పాత చీటీ నంబర్ పక్కనే ఒక కాలమ్‌లో ఉంచడం, ఆ రాత్రంతా అదే పని, మేనేజర్ పక్కన కూర్చొని ఒక్కో చీటీ లారీ నంబర్‌తో పోల్చి చూసుకున్నాడు. పొద్దున 6కి టీ తాగినాం. అప్పటికి ఆయన కోపం కొంచెం తగ్గింది.

కానీ అసలు ప్రశ్న అట్లానే ఉంది. 3.5 ఇంచుల డిస్క్ తిరగడం మొదలై రెడీ కావడానికి ఏదో కొన్ని సెకన్లు పడతాది. 90 సెకన్లు దాటి ఎందుకు పోతాంది? నేను రీబూట్ కొట్టినప్పుడు ఈ సమస్య ఒక్కసారి కూడా ఎందుకు రాలే? మిషన్ రాసుకునే లాగ్, అంటే జర్నల్, తీసి, గడియారం టైం కాకుండా బూట్ మొదలైనప్పటి నుంచి సెకన్ల లెక్కలో చూసినా. కన్వర్టర్లు రెండూ 3 సెకన్ల లోపలే వచ్చినాయి. డిస్క్ వచ్చింది 194వ సెకనులో. కరెంటు పోయి వచ్చిన ఇంకో మూడు బూట్లు వెతికితే వాటిల్లోనూ అటుఇటుగా అంతే, 190 దగ్గర. మామూలు రీబూట్లలో 5 సెకన్లు. ఇంత కచ్చితంగా 3 నిమిషాలు లేటయ్యేది కంప్యూటర్‌లో ఏదీ నాకు తెలీదు, ఎవరో కావాలని లెక్కపెట్టి ఆపుతున్నట్టు ఉంది.

బల్ల కింద దూరి వైర్లు పట్టుకొని పోయినా. కంప్యూటర్, మానిటర్ యూపీఎస్‌లో ఉన్నాయి. డిస్క్ అడాప్టర్ మాత్రం ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డులో, ఆ బోర్డు గోడ మీద ఏసీ స్టెబిలైజర్ అవుట్‌పుట్‌లో. యూపీఎస్‌లో సాకెట్లు చాలక ఎవరో ఎలక్ట్రీషియన్ దాంట్లో ఇచ్చిపోయినాడు, లో వోల్టేజీకి డిస్క్ చెడిపోకుండా స్టెబిలైజర్‌లో పెడితే మంచిది కదా అని, ఆయన ఆలోచన కూడా తప్పనలేను. ఏసీ కంప్రెసర్ కోసం చేసిన స్టెబిలైజర్లలో చాలావాటికి టైం డిలే ఉంటాది, కరెంటు వచ్చినాక సుమారు 3 నిమిషాలు ఆగి అవుట్‌పుట్ ఇస్తాది, కంప్రెసర్ వెంటనే మళ్లీ స్టార్ట్ అయితే దెబ్బ తింటాది కాబట్టి. నేను కర్నూల్ నుంచి రీబూట్ కొడితే స్టెబిలైజర్‌కి సంబంధమే లేదు, డిస్క్ తిరుగుతానే ఉంటాది. కాటా అబ్బాయి రెండోసారి ఆన్ చేసేసరికి 3 నిమిషాలు అయిపోయి ఉంటాది. ఇద్దరికీ చక్కగా పనిచేసేది.

అడాప్టర్‌ని యూపీఎస్‌కి మారిస్తే కేసు క్లోజ్, ఒక సాకెట్ల బోర్డు ఖర్చు. మార్చినా. కానీ అంతటితో వదిలేస్తే రేపు ఇంకో ఎలక్ట్రీషియన్ వస్తాడు, లేదంటే ఓనర్ సోమవారం డబ్బా తేవడం మర్చిపోతాడు, మళ్లీ 1 నంబర్ చీటీ. ఇంకో సర్వీస్ అతను ఇంతకుముందు ఇదే మిల్లులో ఆఫీస్ మిషన్‌కి చేసినట్టు స్టార్టప్ స్క్రిప్టులో స్లీప్ 60 అని పెట్టడం నాకు అస్సలు పడదు. 60 చాలని రోజు చెడతాది, చాలిన రోజు ఊరికే ఒక నిమిషం లారీ ఆగుతాది. టైం కోసం కాకుండా ఆ డిస్క్ కోసం ఆగమని చెప్పే వీలు ఉన్నప్పుడు అదే చెప్పాలి.

ఎఫ్‌స్టాబ్‌లో నోఫెయిల్ ఉంచినా, మిషన్ లేవాలి, స్క్రీన్ రావాలి, నేను లోపలికి పోగలగాలి. డివైస్ టైమవుట్ 90 సెకన్ల నుంచి 5 నిమిషాలకి పెంచినా, నోఫెయిల్ ఉంది కాబట్టి ఆ 5 నిమిషాలు బూట్‌ని ఆపవు. కాటా సాఫ్ట్‌వేర్‌ని ఎట్లా లేపాలో సిస్టమ్‌డీకి చెప్పే సర్వీస్ ఫైల్‌లో రిక్వైర్స్ మౌంట్స్ ఫర్ అని ఒక లైను, డేటా ఫోల్డర్ పేరుతో. ఈ ఒక్క లైను ముందే రాసింటే ఈ కథ లేదు. మౌంట్ అయితేనే సాఫ్ట్‌వేర్ లేస్తాది, కాకపోతే లేవదు. 5 నిమిషాలు దాటి డిస్క్ వచ్చే రోజు కోసం యూడెవ్‌లో ఒక రూల్, ఆ యూయూఐడీ డిస్క్ ఎప్పుడు కనపడినా కాటా సర్వీస్‌ని లేపమని, సర్వీస్ తనకి కావలసిన మౌంట్‌ని తనే లాక్కుంటాది. చివరికి, డిస్క్ తీసేసి, ఆ ఒట్టి ఫోల్డర్‌ని సీహెచ్‌ఆటర్ కమాండ్‌తో ఇమ్యూటబుల్, అంటే మార్చడానికి వీల్లేనిది, చేసినా, రూట్‌కి కూడా దాంట్లో ఫైల్ చేయడం కుదరదు. డిస్క్ మౌంట్ అయితే ఆ తాళం కిందికి పోతాది, డిస్క్ మీద రాయడానికి అడ్డం రాదు. నాకు వీటన్నిటిలో ఎక్కువ ధైర్యం ఇచ్చేది ఈ మొరటు పనే.

అదే రోజు ఇంకోటి బయటపడింది. మేనేజర్ మాటల్లో అన్నాడు, అప్పుడప్పుడు లారీ కాటా మీద 170 కిలోలు చూపిస్తాదని. 170 కిలోలంటే ఒక బేలు బరువు. లారీ ఎక్కిన కాటా 170 చూపించడం ఏంది? రెండు కన్వర్టర్లలో ముందు కనపడినదానికి టీటీవైయూఎస్‌బీ0, తర్వాతదానికి 1 అని కెర్నల్ పేరు పెడతాది, ఆ వరస ప్రతిసారీ అదే ఉంటాదని ఎవరూ మాటివ్వలే. సాఫ్ట్‌వేర్‌లో 0 అంటే లారీ అని రాసి ఉంది. వరస తిరగబడిన రోజు బేలు కాటా తూకం లారీ చీటీ మీదికి. డిస్క్ విషయంలో యూయూఐడీ పెట్టి ఏది అనే ప్రశ్నకి జవాబిచ్చినా గానీ ఎప్పుడు అనేదానికి ఇవ్వలే, ఇక్కడ ఎప్పుడు అనేది సమస్యే కాదు, ఏది అనేదే. ఎఫ్‌టీడీఐ అనే ఇంకో కంపెనీ చిప్ అయితే మామూలుగా ఒక్కోదానికి వేరే సీరియల్ నంబర్ ఉంటాది, ఈ సీహెచ్340లకి అది ఉండదు, రెండూ కవలలే. కాబట్టి ఏ యూఎస్‌బీ పోర్టులో ఉంది అనేదాన్ని బట్టి యూడెవ్ రూల్ రాసి లారీకాటా, బేలుకాటా అని రెండు పేర్లు పెట్టినా, పోర్టుల పక్కన మార్కర్ పెన్‌తో అవే పేర్లు రాసినా. సర్వీస్‌ని లారీకాటా డివైస్‌కి బైండ్స్‌టూ అనే లైనుతో కట్టినా, వైరు పీకితే ఆగుతాది, పెడితే లేపమని ఆ యూడెవ్ రూల్‌లో కూడా రాసినా. ఆఫీసులో విండోస్ మిషన్‌ది కూడా ఇదే గోల, సీరియల్ నంబర్ లేని కన్వర్టర్ వేరే పోర్టులో పెడితే కొత్త కామ్ నంబర్ (విండోస్ ఆ పోర్టుకి పెట్టే పేరు) ఇచ్చేస్తాది, కామ్3 అని రాసుకున్న సాఫ్ట్‌వేర్ కామ్7ని చూడదు.

టెస్టింగ్ ఈసారి రీబూట్ కొట్టి చేయలే. మెయిన్ స్విచ్ తీసి, యూపీఎస్ చచ్చేదాకా కూర్చొని, మళ్లీ వేసి చూసినా. అడాప్టర్‌ని కావాలని స్టెబిలైజర్‌లోనే పెట్టి ఒకసారి, డిస్క్ పూర్తిగా పీకేసి ఒకసారి, 10 నిమిషాల తర్వాత తగిలించి ఒకసారి. పీకేసినప్పుడు సాఫ్ట్‌వేర్ రాలే, దాని బదులు స్క్రీన్ మీద డేటా డబ్బా రాలేదు, చీటీ కొట్టొద్దు అని తెలుగులో పెద్ద అక్షరాలు వచ్చేట్టు పెట్టినా. కాటా అబ్బాయి అది చూసి, "అన్నా, దాని కింద నీ ఫోన్ నంబర్ కూడా పెట్టు" అన్నాడు.

పెట్టినా. సీజన్ అయ్యేవరకు ఆ స్క్రీన్ చూసి ఒక్కసారే ఫోన్ వచ్చింది, సోమవారం పొద్దున 8కి. డబ్బా ఓనర్ ఇంట్లో టీవీ పక్కనే ఉండిపోయింది.